లాక్‌డౌన్‌లో తీరిక ఎవరికి దొరికింది?

"లాక్‌డౌన్ రోజులే బాగున్నాయి, అందరం ఇంట్లో కలిసున్నాం" అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. 2020 మార్చి 25న, సరిగ్గా ఉగాది నాడు మొదలై 21 రోజులన్నది మే 31 దాకా సాగిన సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదు. రోడ్ల మీద నడిచిన వలస కూలీల బాధ వేరు. నేను మాట్లాడేది జీతం ఆగని, సరుకులకు లోటు లేని మధ్యతరగతి ఇళ్ళ గురించి. ఆ ఇళ్ళలో మగవాళ్ళకీ పిల్లలకీ దొరికిన తీరికంతా ఆడవాళ్ళ రెక్కల కష్టం మీద దొరికిందే.

ఒక్క రోజు గుర్తు చేసుకోండి. పనిమనిషిని అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆపేశారు కాబట్టి అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడం అన్నీ ఇంటావిడ మీదే పడ్డాయి. వాటికి తోడు పాల ప్యాకెట్లు సబ్బుతో కడగడం, కూరగాయలు ఉప్పు, పసుపు నీళ్ళలో వేసి ఆరబెట్టడం. మావగారు షుగర్ మాత్ర వేసుకుంటారు కాబట్టి ఆయనకు టిఫిన్ ముందే కావాలి, భర్తకు మీటింగ్ మొదలయ్యేలోపు, పిల్లాడికి ఆన్‌లైన్ క్లాసు మధ్యలో, అంటే ఒకే పూట దోశల పెనం మూడుసార్లు పొయ్యెక్కాలి. పచ్చడికి మిక్సీ వేస్తే హాల్లోంచి "మీటింగ్‌లో ఉన్నా, ఆపు!" అని కేక. ఆమెకూ ఉద్యోగం ఉంటే ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టుకోవాలి? హాల్లో ఆయన, బెడ్‌రూమ్‌లో పిల్లల క్లాసు, వాష్ ఏరియాలో స్టూలు మీద ఆమె. దూరదర్శన్‌లో రామాయణం మళ్ళీ వేస్తే పొద్దున తొమ్మిదింటికి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం అని మురిసిపోతారు. ఆ తొమ్మిదింటికి పొయ్యి దగ్గర ఎవరున్నారు?

మగవాళ్ళు కూడా వంట నేర్చుకున్నారు కదా అంటారు. కొందరు నిజంగానే నేర్చుకున్నారు, వాళ్ళను తక్కువ చెయ్యను. కానీ ఆదివారం సరదా పడి బిర్యానీ చెయ్యడం వేరు, రేపటికి మినప్పప్పు నానబెట్టాలని, గ్యాస్ బుక్ చెయ్యాలని రోజూ గుర్తు పెట్టుకోవడం వేరు.

ఆ నేర్చుకున్నది నిలిచిందా అంటే, ఎవరు ఏ పనికి రోజులో ఎంతసేపు పెడుతున్నారో లెక్కేసే కేంద్ర ప్రభుత్వ టైమ్ యూజ్ సర్వేలే జవాబు చెబుతున్నాయి. కోవిడ్‌కు ముందు, 2019లో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకు 299 నిమిషాలు దానికే పెట్టారు. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళే వందలో 26 మంది, వాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్క తీస్తే ఆడవాళ్ళవి 289 నిమిషాలు, మగవాళ్ళవి 88! అన్ని నెలలు ఇంట్లో కూర్చుని, ఆ పని ఎంతుంటుందో కళ్ళారా చూసిన తర్వాత కూడా మగవాళ్ళ వాటా పెరగకపోగా తగ్గింది. ఆ అనుభవం మనల్ని మార్చేసిందని చెప్పేవాళ్ళు ఈ అంకెలు చూసి మాట్లాడాలి.

నన్నడిగితే దీనికి మనస్తత్వాలు మాత్రమే కారణం కాదు, మనం కట్టుకుంటున్న ఇళ్ళు కూడా కారణమే. ఏ ఫ్లాటు ప్లానైనా తీసి చూడండి. హాలుకి బాల్కనీ, మాస్టర్ బెడ్‌రూమ్‌కి ఏసీ పాయింటు ఉంటాయి. వంటిల్లు మాత్రం అన్ని గదుల్లోకీ చిన్నది, చాలా చోట్ల దాని కిటికీ డక్ట్‌లోకి, అంటే పైపుల కోసం వదిలిన ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది. మే నెల ఎండల్లో, ఫ్యాను వేస్తే మంట ఆరిపోతుందని అది కూడా లేకుండా ఆవిడ అక్కడే నిలబడుతుంది. గట్టు ముందు ఒకరు నిలబడితే వెనకనుంచి ఇంకొకరు పోవడానికి దారి ఉండదు. ఒక్క మనిషే వండుతుంది, ఆ మనిషి ఎవరో కూడా ముందే తెలుసు అన్నట్టు గీసిన ప్లాను అది. ప్రభుత్వ పథకమైనా, ప్రైవేటు బిల్డరైనా ఇంటి లెక్క బెడ్‌రూములతోనే. పొయ్యి ఆగ్నేయంలో ఉందా, వండేటప్పుడు తూర్పు ముఖంగా నిలబడతామా అని పట్టుబట్టి అడిగే మనం, ఇందులో ఇద్దరు కలిసి పని చెయ్యగలరా అని మాత్రం అడగం.

కోవిడ్ తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ కోసం ప్రత్యేకంగా గది ఇస్తామని బిల్డర్లు ప్రకటనలు ఇచ్చారు. అంటే మహమ్మారి నేర్పిన పాఠంతో ప్లాను మార్చడం వాళ్ళకు చేతనవును. వంటిల్లు వెడల్పు చేశాం, గాలి వచ్చే గోడకు కిటికీ పెట్టాం, రెండో గట్టు కట్టాం అన్న ప్రకటన మాత్రం నాకు ఒక్కటీ కనపడలేదు. కొనేవాళ్ళు అడిగితే అదీ వస్తుంది. ఈసారి ఫ్లాటు చూడ్డానికి వెళ్ళినప్పుడు భార్యాభర్తలిద్దరూ ఆ వంటింట్లో ఒకేసారి నిలబడి చూడండి, పట్టకపోతే ఆ మాట అక్కడే బిల్డరుతో అనండి.