సవరణ: ఓమ్ షిన్రిక్యో తేదీ, మాజీ సభ్యుల సాక్ష్యం

వివాదాస్పద కొత్త మత ఉద్యమాల పరిశోధన గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

జపాన్‌కు చెందిన మత సంస్థ ఓమ్ షిన్రిక్యో ఖర్చుతో అమెరికా పరిశోధకులు జపాన్ వెళ్లింది, ఆ సంస్థ చేసిన సారిన్ (ప్రాణాంతక విషవాయువు) దాడికి ముందని రాశాం. కాదు. టోక్యో సబ్‌వేలో దాడి 1995 మార్చి 20న జరిగింది, వాళ్లు వెళ్లింది మేలో. ఈ తేడా చాలా ముఖ్యం. దాడి జరిగాక కూడా, సంస్థ ఇచ్చిన ఫొటోలు, పత్రాలు చూసి, అది సారిన్ తయారుచేయలేదని చెప్పారు. టికెట్ డబ్బుల కంటే పెద్ద పొరపాటు అదే: ఏం చూడాలో సంస్థే ఎంచింది.

ఇలాంటి ఉద్యమాల మాజీ సభ్యుల మాటలు పక్కన పెట్టాలని ఆ పోస్టులో రాసిందీ సరికాదు. గొడవపడి బయటికొచ్చినవాళ్లతో పాటు, చడీచప్పుడు లేకుండా మానేసినవాళ్లనూ వెతికి అడగాలి. ఆ మాటల్ని కోర్టు రికార్డులతో, ప్రస్తుత సభ్యుల కథనాలతో సరిచూడాలి.