‘మీ ఇష్టం’ అన్నవాళ్ళు పన్నెండు మంది

‘మీ ఇష్టం’ అనే మాటని తెలుగులోంచి, పోనీ వేసవి సెలవులు అయ్యేంతవరకైనా సరే, నిషేధించాలని ప్రభుత్వాన్ని కోరుకుంటున్నాను. రెండు ప్రభుత్వాలనీ. ఎందుకంటే బయల్దేరింది తెనాలిలో, చేరాల్సింది హైదరాబాదు శివారు రావిర్యాలలో ఉన్న రైడ్ల పార్కుకి, మధ్యలో ఎక్కడ ఎవరు ఈ మాట అన్నా మళ్ళీ మొదటికొస్తుంది వ్యవహారం.

డాలస్‌లో ఉండే మా తమ్ముడు (బాబాయి కొడుకు) పిల్లల్ని తీసుకుని మూడు వారాలకి వస్తున్నాడు, అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దాం అన్నాడు. అందరం అంటే 19 మంది. అమ్మ, నాన్న, పెద్దనాన్న, పెద్దమ్మ, బాబాయి, పిన్ని, మేనత్త, నేను, మా ఆవిడ, మా ఇద్దరు, చెల్లి, బావగారు, వాళ్ళ రెండేళ్ళ బుడ్డోడు, తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు, ఇంకా పెళ్ళి కావలసిన మా పిన్ని కూతురు. చివర్లో చెప్పానని ఆ అమ్మాయిని మర్చిపోకండి, కథ చివరికి ఆ అమ్మాయితోనే పని.

తమ్ముడు అమెరికాలో ఉంటాడు కాబట్టి పద్ధతి ప్రకారం వెళ్ళాడు. ఎక్కడికి వెళ్దాం, ఎప్పుడు వెళ్దాం, ఎవరికి ఏ రైడ్లు ఇష్టం, ఎవరు ఏం తినరు అని ఒక గూగుల్ ఫారం తయారుచేసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. పిల్లలు ఐదుగురు, తమ్ముణ్ణి తీసేస్తే పెద్దవాళ్ళం పదమూడు మందిమి, అందులో మేనత్తది బటన్ ఫోను. మిగిలిన పన్నెండు మందికీ ఫారం అందింది. ఎనిమిది మంది ‘మీ ఇష్టం’ అని రాశారు, ఫారంలో కూడా కాదు, గ్రూపులో. ఇద్దరు బొటనవేలు చూపించారు. పెద్దనాన్న తామరపువ్వు మీద శుభోదయం పెట్టారు. నాన్న మాత్రం ‘ఇలాంటి లింకులు నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతున్నాయి, ఎవరూ నొక్కవద్దు’ అని ముందు హెచ్చరించి, తర్వాత వాడికి విడిగా ఫోన్ చేసి, నీ పేరుతో ఎవరో పంపుతున్నారు చూసుకో నాయనా అన్నారు. వేలు చూపించడం, పువ్వు పెట్టడం కూడా మా ఇంట్లో మీ ఇష్టం కిందే లెక్క. నాన్నగారి హెచ్చరికని కూడా అలాగే లెక్కవేస్తే పన్నెండుకి పన్నెండు, ఏకగ్రీవం.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, మీ ఇష్టం అంటే మీ ఇష్టం అని కాదు. ‘నువ్వు ఏదో ఒకటి అను, అది ఎందుకు కుదరదో నేను చెప్తాను’ అని.

తమ్ముడికిది తెలియక మొదట రామోజీ ఫిల్మ్ సిటీ అన్నాడు. తప్పేం కాదు, మనం వెళ్ళే విజయవాడ హైవే మీదే, ఊళ్ళోకి వెళ్ళక ముందే తగులుతుంది, 1996 నుంచి ఉంది, 1,666 ఎకరాలతో ప్రపంచంలోనే పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్ళే రాసుకున్నారు. వాడు ఆ ఎకరాల సంగతి చెప్పకుండా ఉండాల్సింది. అప్పటిదాకా పువ్వులు పెడుతున్న పెద్దనాన్న ఆ అంకె చూడగానే లేచి కూర్చున్నారు. అక్కడ ఎకరం ఎంతుంది, నీళ్ళు పారే భూమేనా, ఒక పంటా రెండు పంటలా, అని వరసగా మూడు వాయిస్ మెసేజీలు. ఆయన లెక్క తేలేలోపు బాబాయి ‘నేను 2004లో చూసేశాను, ఆఫీసువాళ్ళతో’ అన్నాడు. ‘నాతో చెప్పలేదే’ అంది పిన్ని. అదే గ్రూపులో, అందరూ చూస్తుండగా. తర్వాత నాలుగు రోజులు ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు కానీ ఇక్కడ రాయను. ఫిల్మ్ సిటీ మాత్రం ఎజెండాలోంచి పోయింది.

అలా వండర్‌లా మిగిలింది, మొదట్లో చెప్పిన రావిర్యాల పార్కు ఇదే. 2016లో పెట్టారు, అవుటర్ రింగ్ రోడ్డు మీద 13వ ఎగ్జిట్ దగ్గర దిగితే చాలు. ఓర్లాండోలో అయితేనా అని తమ్ముడి పెద్ద కూతురు ఏదో అనబోయింది కానీ వాళ్ళమ్మ కళ్ళతోనే ఆపేసింది. ఆ ఒక్క చూపు చూశాక ఆ అమ్మాయి డాలస్‌లో పెరుగుతున్నా మన పిల్లే అని నాకు ధైర్యం కలిగింది.

ఇక రోజు. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, పెద్దమ్మకి పంచాంగం కంఠోపాఠం, కాబట్టి ఇద్దరూ కలిసి ఎలిమినేషన్ పద్ధతిలో చేశారు. అమెరికా పిల్లలకి సెలవులు ఇచ్చాక, జూన్ 12న మన బళ్ళు తెరవకముందు అంటే ఉన్నదే రెండు వారాలు. మనకి హైదరాబాదు వాయవ్యం. అంటే కాస్త ఉత్తరం, కాస్త పడమర. మంగళ, బుధవారాలు ఉత్తరానికి వారశూల. శుక్ర, ఆదివారాలు పడమరకి. నాలుగు రోజులు పోయాయి. శనివారం నాన్న ఒక్కపొద్దు, పైగా ఆ రోజు ఏదీ మొదలుపెట్టకూడదంది పెద్దమ్మ. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. ‘తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరతాం కదా’ అన్నాడు తమ్ముడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో నాలుగింటికి బయల్దేరడం అంటే 7.40 అని వాడికి తప్ప అందరికీ తెలుసు. కరెక్టుగా రాహుకాలంలో గడప దాటతాం. అలా గురువారం ఖాయమైంది. గురువారం పిన్ని సాయిబాబా ఉపవాసం, కానీ ఆవిడ పళ్ళు తింటానంది, బావగారికి సెలవు లేదు, కానీ ఆయన వ్యాన్‌లోంచే వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తానన్నారు. (చేశారు కూడా. సూర్యాపేట దగ్గర ఆయన మీటింగులో ఉండగా వెనక మేనత్త, ‘నిమ్మకాయ ఇటివ్వండే, వీడికి వచ్చేట్టుంది’ అన్న మాట బెంగళూరులో వాళ్ళ మేనేజరు దాకా వినబడిందట.) గురువారం వెళ్ళి, రాత్రికి వనస్థలిపురంలో మేనత్త కూతురి రెండు పడకగదుల ఫ్లాట్‌లో 19 మందిమీ పడుకుని, శుక్రవారం పార్కు. ఆ రాత్రి గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది.

టెంపో ట్రావెలర్ పదిహేడు సీట్లది మాట్లాడాం. ఇరవై సీట్లది తీసుకుందామన్నాను. ‘చిన్నపిల్లలిద్దరూ ఒళ్ళో కూర్చుంటారు, ఇరవై ఎందుకు, దండగ’ అన్నారు నాన్న. డ్రైవరు పక్క సీటు ఆచారం ప్రకారం అల్లుడిది, కానీ పెద్దనాన్నకి వెనక కూర్చుంటే తిప్పుతుంది, అందుకని బావగారు తనంతట తానే లేచి ‘మీరు కూర్చోండి పెద్దమామయ్యా’ అన్నారు, పెద్దనాన్న వద్దన్నారు, బావగారు పర్లేదన్నారు, ‘సరే మీ ఇష్టం’ అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ సీటు చిల్లకల్లు టోల్‌గేటు దాటేదాకా ఖాళీగా వెళ్ళింది. వెనక ఉన్న పదహారు సీట్లలో పందొమ్మిది మందిమి.

నా దృష్టిలో ఈ ప్రణాళిక మొత్తంలో అసలైన శాస్త్రం టికెట్ల దగ్గరుంది. అక్కడ పిల్లల టికెట్టు వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. ఇది నాన్న తరాన్ని నిరాయుధుల్ని చేసే రూలు. ఆర్టీసీ బస్సులో ‘నాలుగేళ్ళే సార్, పొడుగు మనిషి, వాళ్ళ తాత పోలిక’ అని నెగ్గుకొచ్చిన జాతి మనది. వయసుకి నోటిమాట చాలు, ఎత్తు దగ్గర ఏం చెప్తాం?

మా పెద్దవాడికి పదకొండేళ్ళు. వారం ముందే నాన్న వాణ్ణి తలుపు చెక్కకి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, పెన్సిల్ గీత గీసి కొలిచారు. 139న్నర. ఆయన ముఖం వెలిగిపోయింది, పిల్లల టికెట్టే. వాడి ముఖం మాడిపోయింది, ఎందుకంటే పెద్ద రైడ్లు చాలావాటికి కనీసం 140 ఉండాలి. అంటే కౌంటర్ దగ్గర 140 దాటకూడదు, లోపలికెళ్ళాక 140 దాటాలి. నాన్న దీన్ని సమస్యగా చూడలేదు, లెక్కగా చూశారు. కౌంటర్ దగ్గర జుట్టుకి నూనె రాసి అణచడం, చెప్పులు విప్పి నిలబడటం, లోపలికి వెళ్ళాక తలస్నానం చేసి మందం బూట్లు వేసుకోవడం అని ఒక కాగితం మీద రాసి వాడికిచ్చారు. వాడు బుద్ధిగా తల ఊపాడు. తీరా కౌంటర్ దగ్గర కొలిచేటప్పుడు, నూనె రాసిన తలతోనే, మునివేళ్ళ మీద లేచి నిలబడ్డాడు. పెద్దల టికెట్టు. మధ్యాహ్నం దాకా నాన్న వాడితో మాట్లాడలేదు. వాడు ఎక్కిన ప్రతి రైడుకీ కిందనుంచి టాటా చెప్తూనే ఉన్నారు, మాట్లాడలేదంతే.

దీనికి పూర్తి వ్యతిరేకం పెద్దమ్మ. అరవై దాటినవాళ్ళకి టికెట్టు తక్కువ, ఆధార్ చూపిస్తే చాలు. పెద్దమ్మకి పదేళ్ళుగా 58. ‘ఆధార్ ఇంట్లో మర్చిపోయాను’ అంది. బ్యాగులో ఉందని, తానే పెట్టానని పెద్దనాన్న అన్నారు. ఆవిడ ఆయన వంక చూసింది. పూర్తి టికెట్టు కొన్నాం.

నీళ్ళ ఆటలకి నూలు బట్టలు పనికిరావు, నైలాన్‌వి వేసుకోవాలని రూలు. ఆడవాళ్ళలో పెద్దవాళ్ళంతా ఆ ఒక్క వాక్యంతో తప్పుకున్నారు. నాన్న తప్పుకోలేదు. టికెట్టుకి డబ్బు కట్టాం కాబట్టి ప్రతి నీటిబొట్టూ రాబట్టాలని ఆయన పట్టుదల. నలభై రెండేళ్ళ నా జీవితంలో ఆయన్ని మొదటిసారి నిక్కర్లో చూశాను. విభూతి రేఖలు, నిక్కరు. అలా లైన్లో నిలబడి ఉండగా ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, ఒక్క క్షణం చూసి, చేతులు జోడించాడు. ‘నమస్కారం మాస్టారూ, నేను తొంభై మూడు బ్యాచ్.’ అతనూ నిక్కరే. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూస్తూ, పొరపాటున కూడా చూపు కిందకి దించకుండా, ఇరవై నిమిషాలు అప్పటి హెడ్ మాస్టారి గురించి మాట్లాడుకున్నారు.

అన్నట్టు, పులిహోర. బయటి తిండి లోపలికి రానివ్వరని తమ్ముడు ముందే పెద్దక్షరాలతో రాశాడు. ‘ఇది బయటి తిండి ఎలా అవుతుందిరా, ఇంట్లో చేసిందే కదా’ అంది అమ్మ. ఆవిడ మాటలో న్యాయం ఉంది, గేటు దగ్గర వాళ్ళకి ఎలా చెప్పాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. చివరికి నాలుగు కిలోల బియ్యం పులిహోరని ఉదయం పదింటికి పార్కింగులో, వ్యాన్ నీడలో కూర్చుని, ఎవరికీ ఆకలి లేకుండా తిన్నాం. ఆ తర్వాత తిరగబడే రైడ్లు ఎక్కాం. వివరాలు వద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వాల్ట్ డిస్నీ తన కూతుళ్ళని లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళి, వాళ్ళు రంగులరాట్నం ఎక్కితే తాను బెంచీ మీద ఊరికే కూర్చునేవాడట. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుండాలని అప్పుడే అనిపించిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచాడు. అంటే ఈ పార్కులన్నీ పుట్టింది బెంచీ మీద మనిషిని లేపడానికి. డెబ్బై ఏళ్ళు దాటినా మా అమ్మ ఇంకా లేవలేదు. ‘మీరు వెళ్ళండి, నేను సామాను చూస్తా.’ లాకర్లు ఉన్నాయమ్మా అన్నాను. ‘నేనుండగా లాకరుకి డబ్బులెందుకురా’ అంది. పదకొండు బ్యాగులు, ఎనిమిది ఫోన్లు, అందరి గొలుసులూ ఉంగరాలూ కొంగున ముడేసుకుని, పొద్దుట పదకొండు నుంచి సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే.

ఎంత త్యాగం అని మేమందరం బాధపడ్డాం, రెండు మూడు నిమిషాలు.

సాయంత్రం తడిబట్టలతో వచ్చి చూస్తే అమ్మ పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ ముందు వాళ్ళ సామాన్ల గుట్టలు. ఖమ్మం ఆవిడ, నిజామాబాదు ఆవిడ, కర్నూలు నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. ఎవరి కోడలు ఎలాంటిదో అందరికీ తెలిసిపోయింది. కర్నూలు అక్కగారి మనవడికి బెంగళూరులో ఉద్యోగమట, మన శాఖేనట, గోత్రం వేరట, నక్షత్రాలు కూడా అక్కడే చూసేశారట. మా పిన్ని కూతురు ఫోటో ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఇంకా నీళ్ళు కారుతున్న జుట్టుతో నిలబడి ‘పెద్దమ్మా, నన్ను అడగాలి కదా’ అంది. అమ్మ తువ్వాలు అందిస్తూ ‘అందుకే అడుగుతున్నా, అబ్బాయి బాగున్నాడు, చూస్తావా’ అని ఫోన్ చూపించింది. ఆ అమ్మాయి చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత ‘మీ ఇష్టం’ అంది.

కర్నూలు మనకి పడమర కాబట్టి శుక్ర, ఆదివారాలు కుదరవని పెద్దమ్మ అక్కడే తేల్చేసింది. నాన్న నిక్కరు మార్చుకోకుండానే వ్యాన్ అబ్బాయిని కనుక్కున్నారు, సోమవారం ఖాళీయేనా అని. పదిహేడు సీట్లదే.