‘ఎక్సర్‌సైజుకు డిగ్రీ ఎందుకు?’ ఫార్వర్డ్‌కు నా జవాబు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, హన్మకొండ, కరీంనగర్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. స్పోర్ట్స్ సైన్స్, ఎక్సర్‌సైజ్ సైన్స్ పేర్లతో కాలేజీలు గాలం వేస్తున్నాయి, పిల్లల్ని చేర్చి మోసపోకండి అని దాని సారాంశం. కింద అయిదు కారణాలు. మన తాతలు ఏ డిగ్రీ చదివి నాగలి పట్టారు? అందులో సైన్స్ ఏమీ లేదు, ఏ సీటూ రానివాళ్ల కోర్సు. యూట్యూబ్ చూసినా, జిమ్‌లో చేరినా అదే వస్తుంది. ఆడపిల్లలకైతే అసలే వద్దు. చివరికి బడిలో పీఈటీ (వ్యాయామం టీచరు) పోస్టే గతి, అవి కూడా పడవు. ఆఖర్న ‘షేర్ చేసి ఒక కుటుంబాన్ని కాపాడండి’ అంటూ వరుసగా దండం బొమ్మలు.

మా మేనమామ ఇది నాకే పంపి ‘నిజమేనా రా?’ అని అడిగాడు. నేను చదివిందీ ఇదే, బతుకుతున్నదీ దీని మీదే. కాబట్టి నా వైపు కొంత పక్షపాతం ఉంటుంది, అది లెక్కలో పెట్టుకునే చదవండి.

ముందు తాతల సంగతి. వాళ్లు చదవలేదు, నిజమే. వాన పడటానికి వాతావరణ శాఖ అక్కర్లేదు, ఎప్పుడు ఎంత పడుతుందో చెప్పడానికి కావాలి. ఈ డిగ్రీ పని కూడా అలాంటిదే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ అన్నను చూడండి. బస్తాను ఎప్పుడూ ఒంటికి ఆనించుకునే లేపుతాడు. ఎందుకో లెక్క వేద్దాం. 25 కిలోల బియ్యం సంచి వెన్నెముకకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. వెన్నును నిటారుగా పట్టే కండరాలు ఆ ఎముకకు దాదాపు 5 సెంటీమీటర్ల దూరం నుంచే లాగాలి. అంటే సంచిని ఆపడానికి అవి అయిదు రెట్లు, 125 కిలోల బలంతో లాగాల్సిందే. అదే సంచిని చేతులు చాచి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 250 కిలోలు. వంగినప్పుడు మన ఒంటి బరువు దీనికి అదనం. ఆ బలమంతా నడుము దగ్గరి డిస్కుల మీద నొక్కుడుగా పడుతుంది. సంచి అదే, మనిషీ అదే, మారింది దూరమొక్కటే.

హమాలీకి ఇది ఒంటితో తెలుసు. మంచం కింది నుంచి సంచిని చేతులు చాచి లాగే మా అత్తకు తెలియదు. బస్తా బరువు ఎంతకు తగ్గించాలి, లారీ తొట్టి ఎంత ఎత్తులో ఉంటే నడుములు నిలుస్తాయి అని ఒక యార్డుకు కాగితం మీద రాసి ఇవ్వాలంటే మాత్రం ఒంటితో తెలిస్తే సరిపోదు.

కష్టం చేసేవాడి గుండె గట్టిదని పెద్దవాళ్లు అనేవారు కదా, దాన్ని లెక్కతో చూపించిందీ ఒక పరిశోధకుడే. జెరెమీ మారిస్ అనే డాక్టరు, ఆయన బృందం లండన్ రవాణా సంస్థలో దాదాపు 31,000 మంది మగవాళ్ల ఆరోగ్యాన్ని గమనించి 1953లో ఫలితాలు అచ్చువేశారు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. అక్కడితో ఆగలేదు. లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అన్న అనుమానం వచ్చి, 1956లో యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తిరగేశారు. చేరే నాటికే డ్రైవర్ల నడుము ఎక్కువని తేలింది. అంటే తేడా మొత్తం మెట్ల పుణ్యమే అనడానికి లేదు. తమకు నచ్చిన ఫలితాన్ని తామే అనుమానించడం ఈ చదువులో నేర్పే మొదటి పాఠం. (మన ఆర్టీసీ బస్సులో పై అంతస్తు మెట్లు లేవు గానీ, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి వచ్చాక ఆ రద్దీలో ఈ చివరి నుంచి ఆ చివరికి పోవడం ఏ వ్యాయామానికి తీసిపోదో మన కండక్టరమ్మలనే అడగండి.)

సైన్స్ లేదన్న మాటకు ఎక్కువ సమయం అక్కర్లేదు. కండరం పనిచేసేటప్పుడు పుట్టే వేడిని కొలిచిన ఆర్చిబాల్డ్ హిల్‌కు 1922 నోబెల్ వచ్చింది. కండరంలోని సన్నటి రక్తనాళాలు పనిని బట్టి ఎలా తెరుచుకుంటాయో చెప్పిన ఆగస్ట్ క్రోగ్‌కు 1920లోనే వచ్చింది. పుస్తకాలు తెరిస్తే శరీర నిర్మాణం, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, బలాల లెక్కలు, స్టాటిస్టిక్స్. మ్యాథ్స్ తప్పించుకుందామని బైపీసీ తీసుకున్నవాళ్లకు బయోమెకానిక్స్‌లో, అంటే ఒంటి మీద పడే బలాల లెక్కల్లో, అదే మ్యాథ్స్ మళ్లీ ఎదురవుతుంది.

ఇక యూట్యూబ్, జిమ్. నాకు ఒళ్లు మండేది ఈ పాయింటు దగ్గరే, ఎందుకంటే దీనివల్ల దెబ్బ తగిలేది పేదింటి పిల్లలకు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియం మొదలు ఊరి బడి గ్రౌండ్ దాకా తెల్లారకముందే నిండిపోతాయి. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. 1600 అంటే నాలుగు చుట్లు. చుట్టుకు 1 నిమిషం 48 సెకన్ల చిల్లర చాలు. కానీ విజిల్ పడగానే గుంపుతోపాటు మొదటి చుట్టు 75 సెకన్లలో కొట్టేస్తారు. గుండె, ఊపిరితిత్తులు ఆక్సిజన్ సరఫరాను పెంచుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా కండరం దాచుకున్న సరుకు కరగబెట్టి నడిపిస్తుంది. అది మొదటి చుట్టులోనే అయిపోతే మూడో చుట్టులో కాళ్లు బరువెక్కుతాయి. ‘దమ్ము లేదు రా నీకు’ అంటారు పక్కన నిలబడ్డవాళ్లు. దమ్ము ఉంది, ఖర్చు పెట్టడం తెలియలేదంతే.

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మూడు నెలల్లో పరీక్ష అనగానే, ఎన్నడూ పరుగెత్తని పిల్లవాడు పొద్దున, సాయంత్రం రెండు పూటలా తారు రోడ్డు మీద మొదలుపెడతాడు. కొన్ని వారాలకు దమ్ము పెరుగుతుంది. కానీ ఎముక అంత తొందరగా మారదు. కొత్త భారం పడితే అది పాత భాగాన్ని కొద్దిగా తొలిచి, ఆ తర్వాత కొత్తది కట్టుకుంటుంది. తొలిచే పని వారాల్లో అయిపోతుంది, కట్టే పనికి నెలలు పడుతుంది. ఆ మధ్య కాలంలోనే మోకాలి కింద ముందు ఎముక మీద వేలు పెడితే జివ్వుమనే నొప్పి మొదలవుతుంది. వీడియోలో అన్న ‘నో పెయిన్, నో గెయిన్’ అంటాడు. పిల్లవాడు పళ్లు బిగబట్టి పరుగెత్తుతాడు. కొందరికి అది సన్నటి పగులు దాకా పోతుంది, నోటిఫికేషన్ కూడా పోతుంది. ఏ నొప్పితో పరుగెత్తవచ్చు, ఏ నొప్పికి ఆగాలి, వారానికి ఎంత పెంచాలి అన్నది వీడియో చెప్పలేదు. అది ఆ పిల్లవాడి కాలిని పట్టి చూడలేదు కదా.

జిమ్‌లో చెప్పే మాటలూ అంతే. ఒళ్లు నొప్పులు లాక్టిక్ యాసిడ్ వల్ల వస్తాయంటారు. అది రక్తంలోంచి గంటా గంటన్నరలో తగ్గిపోతుంది, నొప్పి మాత్రం మర్నాడు, ఆ మర్నాడు ముదురుతుంది. గుట్ట ఎక్కడం కంటే గబగబా దిగడం వల్లే తొడలు ఎక్కువ నొప్పెడతాయి, ఎందుకంటే సాగుతూ బరువును ఆపే కండరంలోనే సన్నటి చీలికలు వస్తాయి. రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తితే కొవ్వు కరగదు. లీటరు చెమట పోతే తూకంలో కిలో తగ్గుతుంది, ఇంటికి పోయి నీళ్లు తాగితే తిరిగి వస్తుంది. మే నెల ఓరుగల్లు ఎండలో ఆ కోటు ప్రాణం మీదికి తెస్తుంది. జిమ్ కోచ్‌లందరూ తెలియనివాళ్లని కాదు. తెలిసినవాడెవడో, తెలియనివాడెవడో చేరేవాడికి తెలిసే దారి లేదు.

ఆడపిల్లలకు వద్దన్న మాటకు చాలామంది కల్లెడ దీప్తి జీవాంజిని చూపిస్తారు. 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల పరుగు 55.07 సెకన్లలో ముగించి, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. గర్వమే, కానీ ఆమె పరుగెత్తింది, ఈ డిగ్రీ గురించి అది ఏమీ చెప్పదు. నా కారణం వేరు. ఈ శాస్త్రంలో పాత పరిశోధనల్లో ఎక్కువ భాగం మగవాళ్ల మీదే జరిగాయి. మోకాలి ముందు లిగమెంటు తెగడం ఒకే ఆటలో అబ్బాయిల కంటే అమ్మాయిల్లోనే ఎక్కువ. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. అమ్మాయి గ్రౌండ్‌లో నీరసపడితే నెలసరి గురించి, రక్తం గురించి అడగాలని కోచ్‌కు తోచదు, తోచినా నోరు రాదు. అడగగలిగిన ఆడమనిషి ఆ పక్కన ఉండాలంటే ఎవరో ఒకరి బిడ్డ ఇది చదవాల్సిందే.

ఉద్యోగాల దగ్గర ఫార్వర్డ్ సగం నిజం చెప్పింది, కాదనను. అయితే రెండు వేర్వేరు చదువులను కలిపేసింది. బడిలో పీఈటీ కావాలంటే కావాల్సింది డీపీఈడీ, బీపీఈడీ అనే వ్యాయామ విద్య కోర్సులు. వాటికి పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఆ కోరిక ఉన్నవాళ్లు స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీలో చేరి, తర్వాత అర్హత లేదంటే ఎవరినీ అనడానికి లేదు. ఫిజియోథెరపీ కూడా వేరే కోర్సు, 2021లో వచ్చిన కేంద్ర చట్టం కింద దాని గుర్తింపు వేరు. ఇది చదివి ఫిజియో బోర్డు పెట్టుకోవడం తప్పు. కెనడాలోని ఒంటారియోలో కైనిసియాలజిస్టు (ఒంటి కదలికల నిపుణుడు) అని పిలిపించుకోవాలంటే 2013 నుంచి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు, ఈ డిగ్రీకి అసలు లోటు అదే. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రాల్లో ఫిజియాలజీ, బయోమెకానిక్స్, స్ట్రెంగ్త్ కోచింగ్ పోస్టులు పడుతుంటాయి గానీ తక్కువ, ఎక్కువగా కాంట్రాక్టు మీద, చాలావాటికి పీజీ అడుగుతారు. అకాడమీలు, ఆసుపత్రుల పునరావాస విభాగాలు, కార్పొరేట్ ఫిట్‌నెస్ ఉన్నాయి, అయితే హైదరాబాద్, బెంగళూరు పోవాల్సి రావచ్చు. మూడేళ్లతో ఆపేస్తానంటే నేనే వద్దంటాను.

మామకు చివరికి చెప్పింది ఇదీ. ఫీజు కట్టే ముందు కాలేజీకి పోయి ల్యాబ్ తాళం తీయించండి. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తేవాడి శ్వాసలో ఆక్సిజన్ కొలిచే యంత్రం, కాలు నేలను ఎంత బలంగా తన్నుతోందో చెప్పే ఫోర్స్ ప్లేట్ ఉన్నాయా, పిల్లలు వాటిని నిజంగా వాడుతున్నారా అని సీనియర్లను అడగండి. ల్యాబ్ అని చెప్పి నాలుగు డంబెల్స్, గోడకు ఒక అస్థిపంజరం చార్టు చూపిస్తే, ఆ కాలేజీ వరకు ఫార్వర్డ్ చెప్పిందే కరెక్టు, తిరిగి వచ్చేయండి.