‘అన్నీ ఆన్‌లైన్ అయ్యాయిగా, ఇంకేం కావాలి?’ అనేవాళ్లకు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ప్రభుత్వ సేవలు ఫోన్లోకి వచ్చేశాయి, ఆఫీసు గడప తొక్కక్కర్లేదు. కంప్యూటర్‌కు లంచం ఇవ్వలేం, కాబట్టి అవినీతి పోయింది. రికార్డు ఆన్‌లైన్ ఎక్కితే చిక్కులుండవు. సమాచారమంతా వెబ్‌సైట్లలోనే ఉంది, ఇక ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) ఎందుకు? ఇదీ దాని సారాంశం.

ఆఫీసుకు వెళ్లక్కర్లేదన్నది సగం నిజం. 2011లో మీసేవ వచ్చాక చాలా సర్టిఫికెట్లకు తిరుగుడు తగ్గింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో పెట్టింది. మంచిదే. కానీ దరఖాస్తు చివరికి చేరేది ఒక అధికారి లాగిన్‌లోకే. అక్కడ ‘పెండింగ్’ అని పడితే కదిలించడానికి మళ్లీ ఆ ఆఫీసుకే పోవాలి. పైగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడామన్న మహిళలు ఏపీలో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతమే. ఇప్పుడు పెరిగి ఉంటారు, సరే. మిగతావాళ్ల ఓటీపీ ఎవరో ఒకరు చూసి పెట్టాల్సిందే, ఆ ‘ఎవరో ఒకరు’ ఊరికే చేయరు.

కంప్యూటర్‌కు లంచం అక్కర్లేదు, నిజమే. దాంట్లోకి ఫొటో ఎక్కించే మనిషి సంగతేంటి? ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరు యాప్‌లో ఫొటో తీసి పెట్టాలని 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది: పనితో సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారు, ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారు అని. దొంగ మస్టర్ (కూలీల హాజరు పట్టీ) కాగితం మీంచి యాప్‌లోకి మారిందంతే.

దొంగ మస్టర్లను నిజంగా పట్టుకున్న పద్ధతి ఇక్కడే పుట్టి పెరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీకి సామాజిక తనిఖీలు జరిగాయి. కూలీల ఇళ్ల పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్ నకళ్లతో ఇంటింటికీ పంపారు. ‘అమ్మా, ఫలానా వారం ఆరు రోజులు పనికెళ్లినట్టుంది, డబ్బు ముట్టిందా?’ అని అడిగేవాళ్లు. చనిపోయినవాళ్ల పేర్లు, వలస పోయినవాళ్ల పేర్లు అక్కడే బయటపడేవి. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే చదివేవాళ్లు. తిన్న డబ్బు రికవరీ అన్నిసార్లూ కాలేదు, అది వేరే గొడవ. కానీ ఓపెన్ డేటా, అంటే ప్రభుత్వ లెక్కలు జనం ముందు తెరిచి పెట్టడం, నా లెక్కలో ఇదీ. తన పేరు మీద ఏం రాశారో కూలికే తెలియాలి.

రికార్డు ఆన్‌లైన్ ఎక్కితే చిక్కులుండవా? భూరికార్డుల పోర్టల్ ధరణిని చూడండి. 2020 అక్టోబరు 29న తెలంగాణలో మొదలైంది. స్లాట్ బుక్ చేసుకుంటే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో యజమాని పేరు మార్పు) ఒకేరోజు అయిపోయేవి. తప్పుల్లేని పాస్‌బుక్ ఉన్నవాళ్లకు అది వరమే. సర్వే నంబరు తప్పుపడ్డవాళ్లకు, విస్తీర్ణం తగ్గినవాళ్లకు, పట్టా భూమి కాస్తా అమ్మకాలు కుదరని నిషేధిత జాబితాలో చేరినవాళ్లకు మాత్రం నరకం. ఊళ్లో భూరికార్డులు చూసే వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థను అప్పటికే రద్దు చేశారు. సవరణలు కలెక్టర్ దగ్గర పేరుకుపోయాయి, అప్పీలు లేదు, కాదంటే సివిల్ కోర్టే. 2025లో భూభారతి చట్టం తెచ్చి అప్పీలు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. తప్పు కాగితం మీదున్నప్పుడు కనీసం పోట్లాడటానికి ఊళ్లో ఒక మనిషి ఉండేవాడు.

ఇక ఆర్టీఐ. కేంద్రం ఓపెన్ డేటా పోర్టల్ 2012లో వచ్చింది, తెలంగాణ 2016లో ఓపెన్ డేటా విధానం తెచ్చింది. వాటిలో ఏది పెట్టాలో శాఖలే తేల్చుకుంటాయి. మీ దరఖాస్తును ఎవరు, ఏమని రాసి తిప్పికొట్టారో ఏ పోర్టల్‌లోనూ ఉండదు, ఫైలు అడగాల్సిందే. అదీ ఇప్పుడు కష్టమవుతోంది. 2023 డేటా రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్ ఆర్టీఐలో వ్యక్తిగత సమాచారం ఎప్పుడు ఇవ్వక్కర్లేదో చెప్పే 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారాన్నంతా మినహాయింపు కిందికి తెచ్చింది. మస్టర్‌లో పేర్లూ వ్యక్తిగతమేనని ఆఫీసు అంటే, ప్రజాప్రయోజనం ఉందని 8(2) కింద వాదించుకోవచ్చు. ఆ వాదన బరువు మాత్రం అడిగినవాడి నెత్తినే.