తల్లి మనసు ఒక్కటే చాలదు

పసిపిల్లలకు ఆటపాటలు నేర్పడానికి వేరే చదువు కావాలా, ఆడవాళ్లకు అది పుట్టుకతో వచ్చేదే కదా అనే మాట మన ఊళ్లలోనే కాదు, విద్యాశాస్త్ర సిద్ధాంతాల్లోనూ ఉంది. జర్మనీలో 1840లో కిండర్‌గార్టెన్‌కు ఆ పేరు పెట్టిన ఫ్రోబెల్, తల్లి ఒడిలోని ఆటలనే పాఠాలుగా మలిచాడు. 1844లో తల్లుల కోసం పాటల పుస్తకమే వేశాడు. పిల్లల్ని సాకే గుణం స్త్రీకి సహజమని నమ్మి, యువతులను శిక్షణకు పిలిచాడు. గడప దాటే దారిలేని ఆ రోజుల్లో ఎందరో స్త్రీలకు అది ఉద్యోగం చూపించింది. ఆ మేలు కాదనలేం. కానీ సహజంగా వచ్చే పనికి జీతమెందుకన్న ఆలోచనా దాని వెంటే వచ్చింది.

1907లో రోమ్‌లో బాలల గృహం తెరిచిన మాంటిస్సోరి స్వయంగా డాక్టరు. 1939లో మద్రాసు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చారు. పిల్లల్ని గమనించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనన్నది ఆమె పట్టుదల. ప్రభుత్వాలకు అది తలకెక్కలేదు.

ఏ అంగన్‌వాడీకైనా పొద్దున్నే వెళ్లి చూడండి. ఒక పిల్లాడు చింతపిక్కల్లో పెద్దవీ చిన్నవీ వేరుచేస్తుంటాడు. పక్కనున్న పాప ఎవరు పిలిచినా తల తిప్పదు. అది సిగ్గా, చెవి వినపడకా అన్నది టీచరే పట్టుకోవాలి. ప్రేమ ఉన్నంత మాత్రాన అది తెలిసిపోదు. ఆ టీచరే బరువులు తూచాలి, గుడ్ల లెక్క రాయాలి, ఫోన్‌లో ఫొటోలు ఎక్కించాలి.

ఇంత పనికీ 1975లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైన నాటి నుంచి ఇస్తున్నది గౌరవ వేతనమే. 2018లో కేంద్రం ఖరారు చేసిన మొత్తం నెలకు రూ.4,500. ఆపై ఎంతన్నది రాష్ట్రాల ఇష్టం. వీరికి గ్రాట్యుటీ ఇవ్వాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో సమ్మెకు దిగితే, జనవరిలో అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించారు. సమ్మె చేస్తే అత్యవసర సర్వీసు, జీతమడిగితే స్వచ్ఛంద సేవ! ఇదెక్కడి న్యాయం?

2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచరుకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చాలంటోంది. దాన్నీ స్మార్ట్‌ఫోన్‌లోనో డీటీహెచ్‌లోనో నడపొచ్చట. ఒకటో తరగతి టీచరుకు రెండేళ్ల డీఎడ్ శిక్షణ కావాలని అడిగే మనం, మూడేళ్ల పిల్లలకు చెప్పడం అంతకంటే తేలికని ఎలా అనుకుంటున్నాం?

ప్రతి కేంద్రంలో చదువు చెప్పడానికే ఒక టీచరు ఉండాలి. ఆ పోస్టుకు రెండేళ్ల శిక్షణ, బడి టీచరుతో సమానంగా జీతం స్కేలు పెట్టాలి. దానికి మగవాళ్లూ దరఖాస్తు చేసుకునే వీలుండాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ వచ్చే బడ్జెట్‌లోనే ఇందుకు నిధులు చూపాలి.