నాసిక్‌లో రోజుకు రెండు వైనరీలు చాలు

శిరిడీ దర్శనం, శనిశింగణాపూర్, త్ర్యంబకేశ్వరం, పంచవటి, తిరుగు ప్రయాణంలో ఓ గంట సులా వైనరీ, అంటే ద్రాక్షతో వైన్ తయారుచేసి రుచి చూపించే చోటు. హైదరాబాదు నుంచి నాసిక్ వైపు వెళ్లే మనవాళ్ల పర్యటనల్లో వైనరీకి దక్కే చోటు చాలావరకు ఇంతే. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ప్రణాళిక మరొకటి ఉంది. మిత్రబృందం శనివారం ఉదయం దిగి, ఆదివారం సాయంత్రానికల్లా ఆరేడు వైనరీలు చుట్టేసి, ప్రతి గుమ్మం దగ్గరా ఫొటో దిగి తిరిగి రావాలనుకుంటుంది. మొదటి పద్ధతిలో వైన్ తయారీని చూసే తీరిక ఉండదు. రెండో పద్ధతిలో మూడో వైనరీకి చేరేసరికి ఏ గ్లాసులో ఏముందో చెప్పగలిగే స్థితి ఉండదు. రోజుకు రెండు వైనరీలు, అవీ ఒకే దిక్కున ఉన్నవి, అంతకు మించి పెట్టుకోకూడదని నా అభిప్రాయం.

దిక్కు సంగతి ఎందుకు ఎత్తానంటే, నాసిక్ వైనరీలన్నీ ఒకే వీధిలో వరుసగా ఉంటాయనే భ్రమ చాలామందికి ఉంది. సులా, యార్క్, సోమా ఊరికి పడమరన గంగాపూర్ జలాశయం పరిసరాల్లో ఉన్నాయి. షాందోన్ ఉత్తరాన దిండోరి వైపు ఉంది. వలోనే, గ్రోవర్ జంపా వాళ్ల నాసిక్ వైనరీ ముంబయి దారిలో ఇగత్‌పురి ప్రాంతానికి చెందినవి. ఈ మూడు వైపులనూ ఒకే రోజులో కలపాలనుకుంటే పగలంతా కారులోనే గడిచిపోతుంది. పేరున్నది గనుక సులాను ఒకసారి చూడవలసిందే, కాదనను. అయితే 2021 నుంచి యార్క్ కూడా సులా యాజమాన్యం కిందికే వచ్చింది కాబట్టి, ఆ రెండూ చూసి రెండు వేర్వేరు సంస్థల పనితనం పోల్చామనుకోవడం పూర్తిగా సరికాదు. తేడా తెలియాలంటే ఒక పెద్ద సంస్థను, దానితో సంబంధం లేని ఒక చిన్న సంస్థను ఎంచుకోవడం మేలు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఎక్కడికి వెళ్లాలన్న దానికంటే ముఖ్యమైన ప్రశ్న, మనవాళ్లు అస్సలు అడగనిదీ అదే. యూరప్‌లో చలికాలం ద్రాక్షతీగను నిద్రపుచ్చుతుంది, కోత వేసవి చివర మొదలై శరదృతువులో ముగుస్తుంది. నాసిక్‌లో తీగకు ఆ నిద్ర లేదు కనుక రైతే కత్తెర పట్టి దానికి కాలం నిర్ణయిస్తాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒక కత్తిరింపు, వానలు వెనకబడ్డాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరొకటి. ఆ రెండో కత్తిరింపు తరువాత వేసిన గుత్తులు చలికాలపు వెచ్చని పగళ్లలో, చల్లని రాత్రుల్లో పండి, సుమారుగా జనవరి నుంచి మార్చి వరకు కోతకు వస్తాయి. వెళ్లవలసింది ఆ నెలల్లోనే. వానాకాలంలో జలాశయం నిండుగా, కొండలు పచ్చగా ఉంటాయన్నది నిజమే గానీ, అప్పుడు తోటలో పండు ఉండదు, పులియబెట్టే ట్యాంకుల దగ్గర పెద్దగా పనీ ఉండదు. ప్రకృతి దృశ్యం కోసమే అయితే వైనరీ దాకా వెళ్లనక్కరలేదు.

కోత కాలంలో వెళ్లినవాళ్లు వీలైతే, తోటవాళ్ల అనుమతితో, ఒక పండు నోట్లో వేసుకుని నమలాలి. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల పందిళ్ల మీద పాకిన అనాబ్-ఎ-షాహీ తోటలు చూసిన పెద్దవాళ్లకు ఇక్కడి పండు మొదట నిరాశ కలిగిస్తుంది. పండు చిన్నది, తోలు మందం, తీగలు కూడా పందిరి మీద కాక ఇనుప తీగెల వెంట వరుసలుగా నిలబడి ఉంటాయి. ఎర్ర వైన్‌కు రంగునూ, నాలుకను పట్టేసే వగరునూ ఇచ్చేది ఆ మందపాటి తోలే. తెల్ల వైన్‌కు రసాన్ని తోలు నుంచి ముందే వేరుచేస్తారు. ఈ ఒక్క విషయం నమిలి తెలుసుకున్నాక షిరాజ్ అనే ఎర్ర వైన్ గ్లాసులోని వగరూ, సోవిన్యాన్ బ్లాన్ అనే తెల్ల వైన్‌లోని జామకాయ, పచ్చిగడ్డి వాసనా పట్టుకోవడం చాలా తేలికవుతుంది. గైడు గడగడా చెప్పే అరగంట ఉపన్యాసం కంటే ఇదే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఇక లెక్క చూడండి. ఒక్కో రుచికి 30 మిల్లీలీటర్లు పోస్తారనుకుందాం, ఆరు రకాలకు 180. మూడు వైనరీలైతే 540, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలో ముప్పావు వంతుకు దగ్గర. సాధారణంగా 12 నుంచి 14 శాతం ఆల్కహాల్ ఉండే పానీయం అది. దాన్ని ఎండలో, సగం ఆకలితో పుచ్చుకుని, ఆపైన ఎవరో ఒకరు స్టీరింగు పట్టుకోవడం మన బృందాల్లో మామూలైపోయింది. రక్తంలో ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను వర్తిస్తుంది, మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రోజంతటికీ డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడం విలాసం కాదు, ఈ ప్రయాణంలో మొదట రాసుకోవలసిన ఖర్చు అదే.

రుచి చూసి ఉమ్మడానికి బల్ల మీద పాత్ర పెట్టి ఉంటుంది. దాన్ని మనవాళ్లు ముట్టుకోరు. నలుగురిలో ఉమ్మడం అమర్యాదని చిన్నప్పటి నుంచి విన్నాం, పైగా డబ్బు కట్టి పోయించుకున్నది వదలడమా అన్న బాధ ఒకటి. తేయాకు నాణ్యత చూసే నిపుణులు రోజూ చేసే పనే ఇది, ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. బయలుదేరే ముందు కడుపు నిండా తినాలి, అత్తరు పూసుకోకూడదు. కిళ్లీ వేసుకుని వచ్చి వైన్‌లో వాసనే లేదని వాదించే పెద్దమనిషికి నేను జవాబు చెప్పలేను.

శని, ఆదివారాల్లో ముంబయి, పుణె జనం పోటెత్తుతారు కాబట్టి మంగళ, బుధవారాల్లో వెళితే పోసేవాళ్లకు మన ప్రశ్నలు వినే ఓపిక ఉంటుంది. సీసాలు కొనేముందు మన రాష్ట్రంలోకి బయటి మద్యం తేవడంపై ఎక్సైజు నిబంధనలు చూసుకోవాలి, మహారాష్ట్రలో పన్ను కట్టిన బిల్లు తెలంగాణ సరిహద్దులో చెల్లుతుందనుకోవడం పొరపాటు.

అనంతపురం, హిందూపురం వైపువాళ్లు మాత్రం నాసిక్ దాకా ఎందుకు వెళ్లాలనుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గౌరీబిదనూరు మీదుగా వెళితే ఒక పూట కూడా పట్టని దూరంలో, నంది కొండల దిగువన దొడ్డబళ్లాపురం దగ్గర, 1988లో మొదలైన గ్రోవర్ వాళ్ల తోటలున్నాయి. ఉదయం బయలుదేరి, తోట చూసి, అక్కడే భోంచేసి, చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు.