406 గారూ, కాస్త అబద్ధం నేర్చుకోండి

406 మెగాహెర్ట్జ్ బీకన్ గారికి,

కర్నూలు నుంచి నమస్కారం. ఆపదలో బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్‌తో ఉపగ్రహాలకు కేక వేసే యంత్రం మీరు. ఆ పద్ధతి మా ఊళ్లో చెల్లదని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇక్కడ ఫోన్‌లో "యాడున్నావ్?" అని అడిగితే "ఈడ్నే, కొండారెడ్డి బురుజు కాడ" అనాలి. అప్పటికి మనిషి స్నానానికి కూడా లేచి ఉండడు. మీరేమో ఉన్నచోటు ఉన్నట్టే చెప్పేస్తారు. జీపీఎస్ ఉంటే వంద మీటర్ల తేడాతో! అది లేకపోయినా ఉపగ్రహం కదిలేకొద్దీ మీ సిగ్నల్లో వచ్చే మార్పును బట్టి కొన్ని కిలోమీటర్లలో పట్టేస్తారు. ఇంత నిజాయితీతో మా మధ్య ఎలా బతుకుతారు?

మీ పుట్టుక కూడా అంతే. క్షిపణులు ఎదురెదురుగా గురిపెట్టుకున్న రోజుల్లో, 1979లో, అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి మీ వ్యవస్థకు ఒప్పందం చేసుకున్నాయి. 1982లో సోవియట్ ఉపగ్రహం ఎగిరింది. అదే సెప్టెంబరులో కెనడాలో కూలిన విమానంలోని వాళ్లు దాని పుణ్యాన బతికారు. మా దగ్గరైతే ముందు అది ఏ స్టేషన్ పరిధో తేలాలి.

మన దేశంలో మీ కేక బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. వచ్చే కేకల్లో ఎక్కువ ఉత్తుత్తివేనట, పొరపాటున నొక్కినవి. అందుకే యజమాని ఫోన్ నంబరు ముందే నమోదు చేయించమంటారు. ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ మార్చేవాళ్లం మేము. కేక నిజమో కాదో కనుక్కోవడానికి కేంద్రం వాళ్లు ఫోన్ చేసే వేళకు ఆ నంబరు ఏ ఊళ్లో, ఎవరి జేబులో ఉంటుందో!

ఒక్క విషయంలో మాత్రం వెటకారం రాదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమల మీద కనబడకుండా పోయింది. మర్నాడు పొద్దున గానీ ఎక్కడుందో తెలియలేదు. ఆ రాత్రంతా టీవీల ముందు కూర్చున్న జిల్లా మాది.

శివరాత్రికి అదే అడవిలో నడిచి శ్రీశైలం పోయేవాళ్లకు చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. మీ చేతి బీకన్లు కొన్ని అద్దెకు దొరికితే బాగుంటుంది. కాళ్లు లాగుతున్నాయని నొక్కే భక్తుల్ని మీరే భరించాలి.

ఇంకో మాట. 2020 నుంచి యూరప్ వాళ్ల గెలీలియో ఉపగ్రహాలు "మీ కేక అందింది" అని కొన్ని బీకన్లకు తిరుగు జవాబు కూడా పంపుతున్నాయట. అది ఆఫీసుల్లో మేమిచ్చే అర్జీలకు బిగించడానికి ఎంతవుతుందో రాయండి. చందాలేసుకుంటాం.

ఇట్లు,
బురుజు కాడికి బయల్దేరబోతున్న ఒక కర్నూలు వాసి